ఓదెలు బిడ్డ

"పిల్లను నేనెక్కిస్త. నువ్వు కిందనే ఉండు." జెయింట్ వీల్ గేటు దగ్గర భూపాల్ తమ్ముడి భార్య సంతోషికి అడ్డంగా నిలబడ్డాడు.

"అమ్మతోనే ఎక్కుత," అని ఆరేళ్ల హర్షిణి తల్లి కొంగు పట్టుకుంది.

"నేనెందుకు ఎక్కద్దు బావా?"

"తమ్ముడు గనిల పోయి ఏడాదన్న కాలే. గోదావరిఖని నుంచి మనతోని బస్సుల వచ్చినోళ్లంత సూస్తున్నరు. ఏమనుకుంటరు?"

సంతోషి పక్కకు జరగలేదు. "హైదరాబాద్ తీస్కపోయి ఇది ఎక్కిస్తనని మీ తమ్ముడే బిడ్డకు మాటిచ్చిండు. ఆయన లేడు, నేనున్న. నేనే ఎక్కిస్త."

బెంచీ మీద కూర్చున్న అత్త సారవ్వ లేచి వచ్చింది. తన మీద కన్నేసి ఉంచడానికే ఆమె వెంట వచ్చిందని సంతోషి నమ్మకం. ఇక తిట్లు తప్పవనుకుని బిడ్డను దగ్గరకు లాక్కుంది.

"జరుగురా భూపాలూ," అంది సారవ్వ. "నేను గూడ ఎక్కుత."

"అవ్వా, నీకేమన్న పిచ్చా? నలుగురు నవ్వుతరు."

"నవ్వనీ."

ముగ్గురూ ఒకే తొట్టిలో కూర్చున్నారు. చక్రం కదలగానే సారవ్వ కళ్లు గట్టిగా మూసుకుని కోడలి చెయ్యి పట్టుకుంది. పైకి చేరాక మెల్లగా కళ్లు తెరిచింది. కింద వాళ్లంతా తలలెత్తి చూస్తున్నారు. కొడుకు పోయిన నాటి నుంచి అతని పేరు నోట పలకని ఆ తల్లి, గొంతు చించుకుని అరిచింది.

"ఓదెలూ! నీ బిడ్డను సూడురా!"