చెంచా మోగితే ఆగాలి

అమ్మకి ఊపిరి అందడం లేదు.

మంచం పట్టీ పట్టుకుని సగం లేచింది. మెడ నరాలు తాళ్ళలా బిగిశాయి. గొంతులోంచి సన్నటి కూత.

"నాన్నా, తొందరగా!" తమ్ముడు ఫోన్ అందుకున్నాడు. నాన్న మందుల డబ్బా కోసం వెతుకుతున్నాడు. కళ్ళెదుట బల్ల మీదే ఉంది. కనబడితేగా!

తమ్ముడి వేళ్ళు వాటంతటవే అంబులెన్సు నంబరు నొక్కేశాయి.

టంగ్!

కిటికీ పక్క కుర్చీలో కూర్చున్న అక్క చెంచాతో స్టీలు గ్లాసు మీద కొట్టింది.

"ఆగండి. ఫెయిల్."

అమ్మ కూత ఆపేసింది. నాన్న నుదురు తుడుచుకున్నాడు. ఉత్త ప్రాక్టీసే అయినా ఆయన కళ్ళు ఇంకా డబ్బా కోసమే వెతుకుతున్నాయి.

అక్క బడిలో డ్రిల్లు టీచరు. ఈల ఇప్పటికీ మెడలోనే ఉంటుంది. ఇంట్లో మాత్రం చెంచాతో సరిపెడుతోంది.

"ఒరేయ్, మళ్ళీ అదే నంబరా?"

"చెయ్యి దానంతటదే పోయిందక్కా."

"పోతుంది. అందుకే... రోజూ... చేయిస్తున్నా." ఒక్కో మాటా విడదీసి, బడిపిల్లలకి చెప్పినట్టు అంది.

పోయిన నెల నిజంగానే ఆయాసం వచ్చింది. కంగారులో తమ్ముడు అంబులెన్సుని పిలిచాడు. పదకొండు రోజులు అద్దాల గది. నోట్లో గొట్టం. ఇంటివాళ్ళకి రోజుకి పది నిమిషాలు. తిరిగొచ్చాక డాక్టరు దాచకుండా చెప్పాడు: నయం చేసే మందు ఇక లేదు, బాధ తెలియకుండా చూసుకునే మందులున్నాయి. అప్పటినుంచి ఈ ఇంట్లో కోరిక ఒక్కటే. ఆ ఘడియ వచ్చినప్పుడు ఈ గదిలోనే, అందరి చేతులూ అందే దూరంలోనే వెళ్ళిపోవాలి. మళ్ళీ ఆ అద్దాల గది వద్దు.

అందుకే ఆకుపచ్చ పుస్తకం. డాక్టరు, ఇంటికొచ్చే నర్సు, మందుల షాపతను, ఇంట్లోవాళ్ళు, ఎవరు రాసినా ఆ ఒక్కదాంట్లోనే. మొదటి పేజీలో మూడే పనులు. తల ఎత్తి పెట్టాలి. నాలుక కింద మందు చుక్కలు వేయాలి. నర్సుకి ఫోన్ చేయాలి.

అమ్మకి మూడు చాలవు.

"కరెంటు పోతే? ఫోన్లో ఛార్జింగ్ లేకపోతే? నర్సమ్మ బండి పంక్చరైతే?"

"ఆకాశం ఊడిపడితే? అదీ రాయనా?" అంది అక్క.

"వేళాకోళమా? నేను భయపడ్డది ఎప్పుడైనా జరక్కుండా ఉందా?"

"మొన్న గ్యాసు బండ పేలుతుందన్నావు. పేలిందా?" నాన్న అడిగాడు.

"పేలలేదు కాబట్టే ఇంకా వాదిస్తున్నారు."

తమ్ముడు ఫక్కున నవ్వాడు.

"నవ్వించకండి, దగ్గొస్తుంది!" అమ్మ కసిరింది.

టంగ్! మళ్ళీ మొదలు.

అమ్మ ఊపిరి ఎగబీల్చింది. ఎక్కడ కూత రావాలో, ఎక్కడ ఆగాలో ఆవిడకి కంఠతా వచ్చు. ఆ ఆగిన చోట నాన్న ఒక్క అంగలో బల్ల దగ్గరికి చేరాడు.

తమ్ముడు వీపు వెనక దిండ్లు ఎత్తుపెట్టాడు. నాన్న చుక్కల సీసా తీశాడు. ఇప్పటికి అందులో మంచినీళ్ళే.

"ఏమే, నాలుక ఎత్తు. ఒకటి... రెండు... మూడు..." నాలుగో చుక్క చీర మీద పడింది. మళ్ళీ వేశాడు.

తమ్ముడి వేలు అంబులెన్సు నంబరు మీదికే వెళ్ళింది. ఆగింది. పళ్ళు బిగించి నర్సు నంబరు నొక్కాడు.

"ప్రాక్టీసా, నిజమా తమ్ముడూ?" స్పీకర్లో నర్సు గొంతు.

"ప్రాక్టీసేనండీ."

"హమ్మయ్య. ఎన్ని చుక్కలు, ఎన్నింటికి వేశారో పుస్తకంలో రాయండి. నేను వచ్చేదాకా చెయ్యి వదలొద్దు."

తమ్ముడు అమ్మ చెయ్యి పట్టుకున్నాడు.

టంగ్!

"నాలుగు నిమిషాలు. పాస్."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తమ్ముడు అమ్మ అరచేతిలో ముఖం దాచుకున్నాడు.

"నిజంగా వచ్చిన రోజు చెయ్యగలనంటావా అక్కా?"

"చేస్తావురా."

అక్క ఆయాసంతో ఇక కూర్చోలేక చెయ్యి చాపింది. అమ్మ గబగబా మంచం దిగి, దుప్పటి ముడతలు సరిచేసి, "రా తల్లీ, నీ పక్క వెచ్చగా ఉంది" అంటూ కూతుర్ని పొదివి పట్టుకుని పడుకోబెట్టింది.