ఒక్కపూట గయ్యాళి

“ఇవి పాలా, గిన్నె కడిగిన నీళ్లా?”

అత్తగారు మంచంమీంచే గ్లాసు విసిరింది. గ్లాసు వెళ్లి గోడకు తగిలింది, పాలు వెళ్లి కొత్త ఆయా చీరకు తగిలాయి. తలుపు చాటునుంచి కోడలు తొంగి చూసింది. ఆయా వంగి నేల తుడిచింది.

“తుడవడమూ చేతకాదు! నిన్నెవరు పంపారే నా ప్రాణానికి?”

“ఏజెన్సీవాళ్లండి, పెద్దమ్మగారూ,” అంది ఆయా నెమ్మదిగా.

ఆమె చీర కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లగానే అత్తగారి ముఖం వడిలిపోయింది. “ఇక నావల్ల కాదే అమ్మాయ్! పుట్టి బుద్ధెరిగి పిల్లినైనా అదిలించినదాన్ని కాను.”

“ఈ ఒక్కపూట గయ్యాళితనం ఓర్చుకోండి అత్తయ్యా. ముందొచ్చినవాళ్లంతా ఓర్పులో భూదేవులమన్నారు. మర్నాటికల్లా భూమిలోకి దిగిపోయారు! చూసి పెట్టుకోవద్దూ?”

కోడలు గోడకు జారగిలబడింది. కాలు విరిగింది అత్తగారికే గానీ కాళ్లు పడిపోయింది మాత్రం ఈవిడకి. రేపు ఉద్యోగానికి వెళ్లి తీరాలి. ఇంకొక్కరోజు సెలవు పెడితే శాశ్వతంగా సెలవిప్పించేస్తామని ఆఫీసరు సెలవిచ్చాడు.

సాయంత్రందాకా సాగింది. పక్క దులిపితే దుమ్మంది, దులపకపోతే బద్ధకమంది, కాళ్లు పడితే చంపేస్తున్నావంది అత్తగారు. తిట్లు అయిపోయి, తిట్టినవే మళ్లీ తిట్టింది. ఆయా ముఖంలో ముడత పడలేదు.

చీకటి పడే వేళకి కోడలు ఆమె చేతులు రెండూ పట్టేసుకుంది. “అక్కా, ఏమనుకోకు! ఇదంతా నీ ఓపిక చూద్దామని ఆడిన నాటకం. మా అత్తయ్య ఒట్టి వెన్నముద్ద!”

“తప్పయిపోయింది తల్లీ,” అని అత్తగారు దణ్ణం పెట్టింది. కళ్లలో నీళ్లు.

ఆయా అలసటగా చెప్పుల్లో కాళ్లు దూర్చింది. “ఆఖర్న ఏ ఇంట్లోనైనా ఇదే మాటండి.”

“నీ మీదొట్టు, నిజం! రేపు పొద్దున్నే వచ్చేస్తావుగా?”

“నేను ఆయాను కానమ్మా, ఆ ఏజెన్సీ నాదే. మీరు ఫోనులో చెప్పుకున్నంత మంచివాళ్లా కాదా అని, ఆయాను పంపేముందు ఒకపూట పనిచేసి చూసిపోయేదాన్ని. ఈ ఇంటికి మనిషిని పంపను.”