బయటి మనిషి తీర్పు

"అవేం బట్టల్రా? పాడటానికొచ్చారా, పెళ్లికొచ్చారా?"

హాలు గుమ్మంలోనే దుమిసాని అరిచాడు. ఎదురుగా మోండ్లి జట్టు ఎర్ర సూట్లు, తెల్ల బూట్లతో మెరిసిపోతోంది.

మోండ్లి పళ్లికిలించాడు. "మీ సూటుకంటే నయమే గురువుగారూ. మోచేతులు చూసుకున్నారా, ఎలా అరిగిపోయాయో?"

దుమిసానికి ఒళ్లు మండిపోయింది. వీడికి ఊపిరి బిగబట్టడం దగ్గర్నుంచి నేర్పింది తనే. నేర్చుకున్నాడు, గురువుకే పంగనామాలు పెట్టాడు, సగంమంది కుర్రాళ్లను ఎగరేసుకుపోయి వేరే జట్టు పెట్టాడు.

"ఇవాళ నీ చేతిలో ఓడితే నా జట్టు ఇక్కడే రద్దు! అందరూ సాక్షులు!"

"బావా, నోరు జారకు," అని ఖెతా చెయ్యి పట్టుకున్నాడు. ఖెతా దుమిసాని భార్యకు తమ్ముడు. జట్టులో మంద్రస్వరం అతనిదే. ముప్పయ్యేళ్లుగా ఇద్దరూ పక్కపక్కనే నిలబడి పాడుతున్నారు. డర్బన్ రేవు కూలీల హాస్టళ్లలో వాళ్ల పాట వినని గోడ లేదు.

ఈ పాటల పోటీలకు తీర్పరి ఎప్పుడూ బయటి మనిషే. ఎవరికీ చుట్టం కాకూడదు, తమ జూలూ భాష రాకూడదు. వస్తే మాటలకు పడిపోతాడు, పాట సంగతి మరిచిపోతాడు. అందుకే పొద్దున్నే ఇద్దరు వీధిలోకి వెళ్లి, బస్టాపులో ఒంటరిగా కూర్చున్న ఒక ఇండియన్ ముసలాయన్ను పట్టుకొచ్చారు. ఏమడిగినా నవ్వి తలూపాడట. భాష రాదు, ఇంకేం కావాలి? గెలిచిన జట్టును వేలుపెట్టి చూపిస్తే చాలని సైగలతో చెప్పి, కుర్చీ వేసి, టీ, కేకు ముందుపెట్టారు. బహుమతి నల్ల మేక హాలు వెనక గడ్డి నములుతోంది.

ముందు దుమిసాని జట్టు పాడింది. వాయిద్యాల్లేవు, గొంతులే. ఖెతా మంద్రం అందుకోగానే ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

తర్వాత మోండ్లి జట్టు. రెండో చరణానికే ఇద్దరు శ్రుతి తప్పారు. "దిగండ్రా బాబూ!" అని జనం ఈలలేశారు. అడుగులు మాత్రం ఒక్కటిగా పడ్డాయి, తెల్ల బూట్లన్నీ ఒకేసారి లేచి ఒకేసారి దిగాయి. మధ్యలో మైకు కీచుమంటే అందరూ చెవులు మూసుకున్నారు. ముసలాయన రెప్ప కూడా వేయలేదు.

"అబ్బ, ఏం ఏకాగ్రత! ఇలాంటి తీర్పరి మన హాలుకి ఎప్పుడొచ్చాడు?" అన్నారెవరో వెనకనుంచి.

ముసలాయన లేచాడు. ఎర్ర సూట్లవైపు వేలు చూపించాడు.

హాలు నోరెళ్లబెట్టింది. ఆ తర్వాత గాలి తిరిగింది.

"ఏదో కొత్తదనం ఉందిలే వీళ్లలో."

"నేను ముందే అనుకున్నా."

"ఇకనుంచి మన జట్టు ఇదే!"

ఈలలేసినవాళ్లే మోండ్లి పాటను కూనిరాగం తీయడం మొదలెట్టారు. దుమిసాని కూడా ఆ పాటను మనసులో తిప్పి చూసుకున్నాడు. శ్రుతి తప్పిందనుకున్న చోట ఏదో సొగసుందేమో అనిపించింది. అయితే తప్పు తన జట్టులోనే ఉందన్నమాట. ఎవరిది?

"నీదేరా!" అని ఖెతామీద విరుచుకుపడ్డాడు. "నీ గొంతు వణికింది. ముసలి గొంతేసుకుని నా పరువు గంగలో కలిపావు!"

"వణకలేదు బావా. నీకూ తెలుసు."

"ఆ పెద్దాయనకంటే నీకెక్కువ తెలుసా? అయిపోయింది, జట్టూ లేదు, నువ్వూ లేవు. నా గడప తొక్కకు. మీ అక్క పిలిచినా రాకు!"

ఖెతా టోపీ పెట్టుకుని, ఎవరివంకా చూడకుండా వెళ్లిపోయాడు. మేకను తోలుకుపోతూ మోండ్లి కన్ను గీటాడు.

అంతలో ఒకమ్మాయి రొప్పుతూ లోపలికొచ్చింది. "మా నాన్నను ఎవరు తీసుకొచ్చారు? బస్టాపులో కూర్చోబెట్టి మందుల షాపుకెళ్లి వచ్చేసరికి మనిషి లేడు!" ఆమెకు జూలూ బాగానే వచ్చు.

దుమిసాని పరుగెత్తుకెళ్లాడు. "అమ్మా, ఒక్క మాట. మా పాటలో ఏం తప్పు విన్నారో నాన్నగారిని అడిగి చెప్పు తల్లీ."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది.

"వినడమేమిటి బాబాయ్, మా నాన్నకు పదేళ్లుగా రెండు చెవులూ బొత్తిగా వినపడవు!"