పిన్నిగారి అనుభవం

పై వాటాలో అద్దెకుంటున్న అమ్మాయి కొట్టు పొద్దున లేచేసరికి మాయమైపోయింది.

కొట్టంటే షట్టరూ తాళమూ ఉన్న కొట్టు కాదు, వెబ్‌సైట్. అందులో మూకుళ్లూ, కుక్కర్లూ, మిక్సీలూ అన్నీ బొమ్మల్లోనే ఉంటాయి. సరుకేదీ ఆమెది కాదు. ఫలానాది నచ్చి నొక్కినవాళ్లని అమ్మే కంపెనీ దగ్గరికి పంపుతుంది. వాళ్లు కొంటే ఈమెకి కాస్త కమిషన్. సంబంధాలు కుదిర్చేవాళ్ల పనిలాంటిదే అనుకోండి, పెళ్లికూతురు మాత్రం మూకుడు.

ఆ కొట్టు ఉన్నచోటే ఉంది. సెర్చ్ ఇంజిన్‌లో ఎంత వెతికినా కనపడటం లేదు, అంతే. దాని ఇండెక్స్‌లోంచి, అంటే వెతికినవాళ్లకి చూపించే జాబితాలోంచి, ఈమె పేజీలన్నీ ఎగిరిపోయాయి. కనపడని కొట్టుకి ఎవరొస్తారు చెప్పండి?

సంగతి తెలిసి వాళ్ల అన్నయ్య ఫోన్ చేశాడు. "నెలాఖరు దాకా చూస్తాను. అప్పటికి అన్ని పేజీలూ కనపడకపోతే మూసేసి మా ఆఫీసులో చేరిపో. నా పక్క సీటే ఖాళీగా ఉంది."

ఆ పక్క సీటు తలుచుకుంటే పిల్లకి అన్నం సయించలేదు. పెన్సిల్ చెక్కినా తప్పు పట్టే అన్నయ్య. ఆ చూపు కింద నుంచి తప్పించుకోవడానికే కదా ఈ కొట్టు పెట్టుకుంది.

కారణం వెతికితే దొరికింది. కంపెనీవాళ్ల వర్ణనలు మక్కీకి మక్కీ దించేసింది. అవే మాటలు ఊళ్లో ఉన్న కొట్లన్నింట్లోనూ ఉన్నాయి. అందరూ ఒకే పాట పాడితే సెర్చ్ ఇంజిన్ మాత్రం ఎవరిదని వింటుంది? సొంతంగా వాడిచూసినవాళ్ల మాటలు కావాలి దానికి.

ఆమెకా వంట రాదు. గదిలో ఉన్నది ఒక్క కెటిల్. అందుకని కింది వాటాలోకి దిగింది, ఇంటి ఓనరు పిన్నిగారి దగ్గరికి. ఆ ఇంట్లో లేని సామాను లేదు. రోజూ మెట్ల మీదికొచ్చే కూర వాసనని బట్టి అక్కడ ఆరితేరిన చెయ్యి ఉందని పిల్లకి ఎప్పుడో తెలుసు.

పిన్నిగారు ముందు గదిలో కుర్చీలో సర్దుకుని కూర్చుంది. "మూకుళ్ల గురించా? అడుగమ్మాయ్. నా కళ్ల ముందు ఎన్ని మాడాయో ఈ ఇంట్లో."

ఇంక చూడాలి ఆ ధాటి. అమ్మాయి ఫోన్‌లో రికార్డు చేసుకుంటూ కూర్చుంది.

"ఆ నల్ల మూకుడుందే, దాన్ని నమ్మకు. ఒక పక్క బొగ్గు, ఒక పక్క పచ్చి. నోట్లో పెట్టుకోగానే తెలిసిపోతుంది."

"మరి ఈ మిక్సీ పిన్నిగారూ?"

"మూత గట్టిగా నొక్కి పట్టకపోతే అంతే సంగతులు. టమాటాలన్నీ గోడ మీదా, చొక్కా మీదా. గోడంటే కడుక్కుంటాం. చొక్కా ఇంక తుడుచుకోడానికే."

"ఈ ఇనుప గరిటె?"

"కాడ కాలిపోతుంది తల్లీ. వేళ్లకి మందు రాసుకుని తిరగాలి. చూడలేక చచ్చాననుకో."

బాబాయిగారు టీ కప్పులు తెచ్చిపెట్టి అక్కడక్కడే తచ్చాడారు. రిటైరైన మనిషి, ఊరికే కూర్చోలేకపోతున్నారు పాపం అనుకుంది అమ్మాయి.

"ఆ గరిటెకి చెక్క కాడ వేయించుకుంటే..." అని ఆయన ఏదో అనబోయారు.

"పిల్ల అడుగుతున్నది నన్ను. మధ్యలో మీరెందుకండీ?" అంది పిన్నిగారు.

ఆయన నవ్వుకుని, ఖాళీ కప్పులు తీసుకుని లోపలికెళ్లిపోయారు.

అమ్మాయి ఆ మాటల్ని ఒక్క ముక్క మార్చకుండా పేజీల్లో పెట్టింది. నల్ల మూకుడు బొమ్మ కింద "దీన్ని నమ్మకండి" అనే రాసింది.

అది చూసి అన్నయ్య మళ్లీ ఫోన్. "సరుకుని తిట్టి అమ్ముతారటే ఎవరైనా?"

"తిట్టినవి పోగా మిగిలినవి కొంటారులే అన్నయ్యా."

కొన్నాళ్లకి గరిటె కనపడింది. తర్వాత మిక్సీ. అలిగి వెళ్లిన చుట్టాల్లా ఒక్కో పేజీ ఇండెక్స్‌లోకి తిరిగొచ్చింది. చదివినవాళ్లెవరో కింద రాశారు కూడా, "ఈవిడ వంటింట్లోనే పుట్టి పెరిగినట్టున్నారు" అని. పిన్నిగారు ఆ ముక్క పిల్లచేత పదేపదే చదివించుకుని మురిసిపోయింది. బాబాయిగారు కూడా విని, బాగుందన్నారు.

ఒక్క స్టవ్ పేజీయే మొండికేసింది. రేపోమాపో నెలాఖరు. పక్క సీటు తుడిపించి ఉంచానని అన్నయ్య కబురు.

చూడగా చూడగా లోపం తెలిసింది. మాటలు పిన్నిగారివే అయినా ఫోటో కంపెనీది. అదే ఫోటో అందరి కొట్లలోనూ ఉంది.

పిల్ల పరుగున కిందికొచ్చింది. "పిన్నిగారూ, మీ ఇంట్లో ఉన్నది ఆ స్టవ్వే కదా. మీరు వెలిగిస్తుంటే ఒక్క ఫోటో తీసుకుంటాను. అది పెడితే గండం గడిచినట్టే."

"ఓస్, అంతేనా," అంది పిన్నిగారు. జుట్టు సవరించుకుంది. మంచి కళ్లజోడు తీసి పెట్టుకుంది. "ముఖం కూడా పడాలి సుమా," అని చెప్పి మరీ వంటింట్లోకి దారి తీసింది. ఫోన్ పట్టుకుని వెనకాలే అమ్మాయి.

పిన్నిగారు స్టవ్ ముందు నిలబడి, దాన్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా ఓసారి చూసి, ఫోటో కోసం పెట్టుకున్న నవ్వు చెదరకుండా గుమ్మం వైపు మెల్లగా పిలిచింది.

"ఏమండీ, ఒకసారి ఇలా వచ్చి, దీన్ని ఎటు తిప్పితే వెలుగుతుందో చెప్పి వెళ్లండి."