పోగు తెగిన చప్పుడు

“ఆ చెవుల్లోవి తీసెయ్యి సత్యదుర్గా. లేకపోతే మగ్గం దిగిపో,” అన్నారు తాతారావుగారు.

బండారులంకలోని ఆ మగ్గాల పాకకు ఆయన యజమాని. మగ్గం మీద నిలువుగా పరిచిన పడుగు దారాల్లో పోగు తెగితే ఆ సన్నని చప్పుడును నేసేవారు చెవితోనే పసిగట్టాలన్నది ఆయన నియమం. పసిగట్టలేనివారికి అక్కడ మగ్గం లేదు. ఆయనా మగ్గం మగ్గానికీ చెవి ఒగ్గుతూ తిరుగుతారు.

“పనేం ఆగలేదు కదండీ బాబాయిగారూ.”

“పాటలు వింటా నేసేది చీరా, చేపల వలా?”

ఆయన చెయ్యి చాచేసరికి ఆమె నేత ఆపింది. చెవి మలుపులో ఒదిగిపోయేలా తీర్చిన ఆ ఇయర్‌బడ్స్‌లో ఒకటి తీసి ఇచ్చింది. ఆయన దానిని తన చెవిలో పెట్టుకుని, “నెయ్యి,” అన్నారు.

పాట లేదు. మగ్గమే వినిపించింది. పడుగు పక్కనున్న ఫోను ఆ చప్పుడునే పెద్దది చేసి పంపుతోంది.

“నాకు వినికిడి తగ్గిందండి,” అంది ఆమె తల వంచుకుని. “చెవి వెనకాల తగిలించే మిషనైతే మీకు తెలిసిపోతుందని భయపడ్డాను. ఇవైతే అందరూ పాటలకే అనుకుంటారు.”

అంతలో ఆయన చెవిలో చిటుక్కుమంది. “కుడివైపు తెగిందండి,” అంటూ ఆమె ముడివేసింది.

తాతారావుగారు ఇయర్‌బడ్ తీసేసి, మగ్గం మీదకు వంగి, ఉత్త చెవి ఒగ్గారు.

“ఇంకో పోగు తెంపు.”

ఆమె తెంపింది. ఆయన అలాగే వంగి ఉన్నారు.

“తెంపవేమ్మా?”

“తెంపేనండి.”

ఆయన నిటారుగా నిలబడి, ఇయర్‌బడ్‌ను ఆమె అరచేతిలో పెట్టారు.

“రెండూ పెట్టుకో. ఇకమీదట మిగతా మగ్గాలు కూడా నువ్వే వినాలి.”