కన్నింగ్

లిఫ్టు ఒకటో అంతస్తు దాటింది. రెండోది చేరకుండానే ఆగిపోయింది.

కరెంటు పోయింది. వైజాగులో ఆ ఏడాది కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేకపోయేవారు. పోవడానికి దానికి పైడితల్లి ఇంటర్వ్యూ రోజే దొరికింది.

మూడో అంతస్తులో షిప్పింగ్ ఏజెంట్ల ఆఫీసు. టైపిస్టు ఉద్యోగం ఒక్కటే ఖాళీ.

స్టీలుప్లాంటుకు భూమి పోయాక వాళ్ల నాన్న చలమయ్య ఖాళీగా కూర్చున్నాడు. గాజువాకలో అమ్మ కుట్టే జాకెట్ల మీదే ఇల్లు నడుస్తోంది. ఈ ఉద్యోగం రాకపోతే టైపూ గీపూ కట్టిపెట్టి రొయ్యలు ఒలిచే కంపెనీకి పొమ్మని నాన్న తేల్చి చెప్పేశాడు.

లిఫ్టులో ఇంకొకాయన ఉన్నాడు. నలభై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు.

పైడితల్లి ఇనుప తలుపును రెండు చేతులా పట్టి ఊపింది. కదల్లేదు. చీకటి, ఉక్క. ఊపిరాడనట్టయి ఏడుపు తన్నుకొచ్చింది.

ఎక్కడికి వెళ్లాలమ్మా అని ఆయన అడిగాడు. ఏడుస్తూనే మొత్తం చెప్పేసింది.

ఆయన వింటూ వింటూ చంకలో ఫైలు తీసి, పేరున్న వైపు గోడకు తిప్పి పట్టుకున్నాడు. అది ఆమె కంటపడనే పడింది.

"మరి మీరేటి పని మీద వచ్చారండీ?"

"మా బావమరిదిని చూసిపోదామని."

ఏ ఆఫీసులో అంటే నవ్వి ఊరుకున్నాడు. తన గురించి ఒక్క ముక్క రాల్చలేదు గానీ, ఆమె దగ్గర మాత్రం అన్నీ రాబట్టాడు. టైపు స్పీడెంత, ఎవరి సిఫారసైనా ఉందా, ఇంగ్లీషులో ఏం చెప్పబోతోంది.

ఆమె కళ్లు మూసుకుని అప్పజెప్పింది. "మై నేమ్ ఈజ్ పైడితల్లి. మై మదర్ ఈజ్ ఎ కన్నింగ్ ఉమన్..."

"ఆగమ్మా. మీ అమ్మగారి మీద అంత కోపమా?"

కోపమేమిటి, మెచ్చుకుంటుంటే! కన్నింగ్ అంటే నేర్పరి అని ఊళ్లో మాష్టారి పాత నిఘంటువులో ఉంది. కుట్టుపనిలో అమ్మంత నేర్పరి ఎవరున్నారని?

"పాత పుస్తకాల్లో ఉంటుందమ్మా. ఇప్పుడు ఆ మాటకు అర్థం జిత్తులమారి అని. మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఇంకోటి చెప్పేవాడు కన్నింగ్. మీ అమ్మగారు స్కిల్‌ఫుల్."

రెండు మాటలతోనూ వాక్యాలు కట్టించాడు. తప్పు చెబితే మళ్లీ చెప్పించాడు. ఆ ధ్యాసలో ఆమె ఏడుపు మర్చిపోయింది. కానీ అనుమానం మాత్రం పీకుతూనే ఉంది. ముక్కూ మొహం తెలియని మనిషి, పనిగట్టుకుని తనకెందుకు చెబుతున్నట్టు?

ఇంతలో లిఫ్టు నడిపే వరహాలు రెండో అంతస్తు తలుపుతో పాటు లిఫ్టు ఇనుప తలుపూ తీశాడు. లిఫ్టు పైభాగాన మనిషి దూరేంత సందు కనిపించింది.

"కిందనుంచి ఒకలెత్తితే ఒకల్ని లాగ్గల్ను బాబూ. రెండోవోరు కరెంటొచ్చీదాకా ఉండాల."

"అమ్మాయిని లాగు. నాకేం తొందర లేదు," అంటూ ఆయన రెండు చేతుల వేళ్లూ పెనవేసి వంగాడు. ఆ చేతుల మీద కాలు వేసి పైడితల్లి బయటపడింది.

మెట్లెక్కి వెళ్లేసరికి మూడో అంతస్తులో ఇద్దరు ఆఫీసర్లు. ఆలస్యం ఎందుకైందో ఇంగ్లీషులో చెప్పమన్నారు. బట్టీపట్టిందంతా ఎగిరిపోయింది. నోటికొచ్చింది చెప్పింది.

"ఎ మేన్ వజ్ ఇన్ ద లిఫ్ట్. హి ఈజ్ ఎ కన్నింగ్ మేన్."

ఎందుకలా అన్నావని అడిగారు. ఫైలు మీద పేరు దాచాడనీ, తన సంగతులన్నీ లాగి ఆయన సంగతి దాటేశాడనీ, బావమరిది ఏ ఆఫీసంటే నవ్వాడనీ వచ్చీరాని ఇంగ్లీషులోనే చెప్పుకొచ్చింది. ఇద్దరూ నవ్వారు. పొద్దుట్నుంచి వచ్చినవాళ్లలో ఇంగ్లీషు మాటను అర్థం తెలిసి సరిగ్గా వాడింది నువ్వేనని పెద్దాయన మెచ్చుకున్నాడు. ఇంకొక్కరున్నారు, బయట కూర్చోమన్నాడు.

అటెండరు గుమ్మంలో నిలబడి "అర్జునరావు!" అని పిలిచాడు. ఎవరూ లేవలేదు. మెట్ల దగ్గరికి వెళ్లి కిందికి వంగి గట్టిగా కేకేశాడు. పలికినవాళ్లు లేరు.

రానివాళ్ల కోసం ఎంతసేపని కూర్చుంటాం అంటూ ఆఫీసర్లు లేచారు. పైడితల్లిని సోమవారం వచ్చి చేరమన్నారు. మెట్లు దిగి, కారెక్కి, హార్బరు వైపు వెళ్లిపోయారు.

ఆమెకు కాళ్లు నేల మీద ఆనలేదు. గబగబా మెట్లు దిగింది. లిఫ్టు ఇంకా అక్కడే ఉంది. వరహాలు సందులోంచి మంచినీళ్ల గ్లాసు అందిస్తున్నాడు. లోపలున్న ఆయనకు చెప్పకుండా వెళ్లబుద్ధి కాలేదు. పక్కనే కూర్చుని వంగి చూసింది.

"ఉద్యోగం వచ్చీసిందండీ. మీరు సెప్పిన మాటే నాకు కలిసొచ్చింది."

"చాలా సంతోషం తల్లీ," అంది చీకట్లోంచి గొంతు. "ఇంతకీ ఏ వాక్యంలో పెట్టావు?"

పైడితల్లి తల దించుకుంది. ఎలా చెబుతుంది?

కిందినుంచి ఖాళీ గ్లాసు పైకొచ్చింది. వరహాలు అందుకున్నాడు.

"ఇంకాసేపు ఓపిక పట్టండి, అర్జునరావుగారూ."