కుండలో మాంసం

"కొండగొర్రె మాంసమే. నేనే కొట్టాను. రాసుకో తమ్ముడూ," అన్నాడు ఎసెన్‌కుల్, అటవీ అధికారి ఇంకా కుండ మూత పూర్తిగా తీయకముందే.

పక్కనే ఉన్న కూతురు సైకాల్ చేతిలో గిన్నె కింద పెట్టేసింది. కొండగొర్రెను చంపితే జైలేనని నారిన్ లోయలో తెలియనివాళ్లు లేరు.

అధికారి ఉలార్‌బెక్ కూడా తెల్లబోయాడు. "ఏంటన్నా, అడక్కముందే ఒప్పేసుకుంటున్నారు? ఇక్కడ దొంగమాంసం వండుతున్నారని ఎవరో ఫోన్ చేస్తే చూసిపోదామని వచ్చాను."

"చెప్పానుగా. సంతకం ఎక్కడ పెట్టాలి?"

"సంతకంతో అయిపోదు. ముక్క ల్యాబుకి పంపాలి. ఈ కొండల్లో ఉన్న ప్రతి రకం జంతువు డీఎన్ఏ వాళ్ల దగ్గర నమోదై ఉంది. ఉడికిన ముక్కయినా సరే, పోల్చి చూసి ఏ జంతువుదో చెప్పేస్తారు."

నాన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు. జైలుకు బెదరని మనిషి ల్యాబు పేరు చెప్పగానే బెదిరిపోయాడు.

"నీ కాళ్లు పట్టుకుంటా. పరీక్షలొద్దు. ఇప్పుడే తీసుకుపో నన్ను."

"రూలు రూలే అన్నా." ముక్కను సీసాలో వేసుకుని అతను వెళ్లిపోయాడు.

మూడు వారాలు సైకాల్‌కు కంటి మీద కునుకు లేదు. జీపు చప్పుడైతే చాలు, కిటికీ దగ్గరికి పరుగెత్తేది. తప్పంతా తనదే. అమ్మను తీసుకుపోయిన ఊపిరితిత్తుల జబ్బు పోయిన శీతాకాలం తనకూ వచ్చింది. ఆసుపత్రి మందులకు తోడు, నాన్న ఎక్కడినుంచో మాంసం తెచ్చి, తనను పొయ్యి దగ్గరికి రానివ్వకుండా తానే వండేవాడు. "కొండ మాంసం. పూర్వం ఈ జబ్బుకి ఇదే మందు," అనేవాడు. నాన్న మాత్రం ముట్టేవాడు కాదు. ఆమె బిస్మిల్లా అని గిన్నె ఎత్తినప్పుడల్లా ముఖం తిప్పుకునేవాడు.

"నేనే కొట్టానని చెప్తాను నాన్నా."

"తుపాకీ ఎత్తగలవా నువ్వు? నోర్మూసుకుని టీ తాగు."

బుధవారం మధ్యాహ్నం జీపు వచ్చింది. ఇరుగుపొరుగు కంచె దగ్గర మూగారు. రొట్టె, ఉన్ని మేజోళ్లు సర్దుకున్న సంచీతో ఎసెన్‌కుల్ బయటికొచ్చాడు.

"పద తమ్ముడూ."

ఉలార్‌బెక్ చేతిలో కాగితం ఉంది. దాన్ని చూశాడు. సైకాల్‌ను చూశాడు. తర్వాత అందరికీ వినపడేలా గొంతు పెంచాడు.

"ఎక్కడికన్నా? అది మామూలు పెంపుడు గొర్రె! ఇంటి గొర్రెను వండుకుని కొండగొర్రెను కొట్టానని గొప్పలా? మీ గొప్పలకి నా పెట్రోలు దండగ!"

కంచె దగ్గర నవ్వులు. సైకాల్ గుమ్మంలోనే కూలబడి ఏడ్చేసింది. నాన్న మాత్రం నవ్వలేదు. అధికారి చేతిని రెండు చేతులా పట్టుకుని వదల్లేదు.

"నాకూ కూతురుందన్నా," అని గొణిగి, కాగితం అతని చేతిలో కుక్కి, ఉలార్‌బెక్ జీపెక్కాడు.

ఎసెన్‌కుల్ తిన్నగా లోపలికొచ్చి కాగితాన్ని పొయ్యిలో పడేసి, గుర్రానికి నీళ్లు పెట్టాలంటూ వెళ్లిపోయాడు. సైకాల్ కళ్లు తుడుచుకుని టీ పెట్టబోయింది. కాగితం ఇంకా అంటుకోలేదు. నిప్పుల మీద మెల్లగా విచ్చుకుంటోంది. జంతువు పేరు రాసే చోట ఒకే మాట కనిపించింది.

కుక్క.